ఉప్పుగాలి తిన్న కీబోర్డు: పలకని నోట్లు, అరిచే నోట్లు (నా అనుభవం)

లాసన్స్ బే కాలనీలో మా ఇంటి కిటికీలోంచి సముద్రం కనపడదు గానీ సముద్రపు ఉప్పు మాత్రం గ్రిల్స్ మీద, గేటు గొళ్ళెం మీద, ఫ్రిజ్ కాళ్ళ మీద, అన్నిటి మీదా కనపడుద్ది. వైజాగ్‌లో బీచ్ పక్క కాలనీల్లో ఉండేవాళ్ళకి ఇది కొత్తేం కాదు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎన్నేళ్ళు వస్తుందో ముందే లెక్కేసుకుని కొంటాం. పాటలు వాయించే కీబోర్డు విషయంలో మాత్రం ఎవరూ ఆ లెక్క వెయ్యరు, హాల్లో ఓ మూల పెట్టి పైన ఓ గుడ్డ కప్పేస్తే చాలనుకుంటాం.

మాది 61 కీల అరేంజర్ కీబోర్డు, అంటే వెనకాల తాళం, వాయిద్యాలు తనే వాయించే రకం. పిల్లలు నేర్చుకుంటారని కొన్నాం, వాళ్ళు ట్యూషన్లలో పడిపోయారు, ఇప్పుడు వాయించేది నేను, పాడేది మా అత్తయ్య గారు. ఆవిడకి అన్నమయ్య కీర్తనలు చాలా వచ్చు, సాయంత్రం దీపం పెట్టాక రెండో మూడో పాడతారు, నేను వెనకాల పట్టుకుంటాను. మొన్న వర్షాల తర్వాత మధ్య ఆక్టేవ్‌లో (ఆక్టేవ్ అంటే సా నుంచి పై సా లోపు పన్నెండు కీల వరస) ఎఫ్ అనే కీ నొక్కితే ఒకసారి పలికి రెండుసార్లు పలక్కపోవడం మొదలైంది, అదే ఆక్టేవ్‌లో బీ అయితే దీనికి రివర్స్, ఎంత మెల్లగా ముట్టుకున్నా కేకేస్తుంది. "ఏటమ్మా అది, నాను పాడతంటే మద్దిలో అలా అరుస్తాది" అని అత్తయ్య గారు పాట ఆపేసేవారు.

ఒక షాపుకి తీసుకెళ్ళాను, పేరు అనవసరం. నాలుగు కీలు నొక్కి చూసి, కనీసం ఒక్క స్క్రూ కూడా విప్పకుండా "బోర్డు పోయిందండి, తెప్పించాలి, దాని రేటుకి ఇంకొంచెం వేస్తే కొత్తదే వచ్చేస్తది" అన్నారు. బోర్డు నిజంగా పోతే కొన్ని కీలు మాత్రమే ఎందుకు పేచీ పెడతాయి, మిగతావన్నీ శుభ్రంగా ఎందుకు పలుకుతాయి అని నాకు అక్కడే డౌటు, కానీ ఆయనతో వాదించే ఓపిక లేక ఆటోలో వెనక్కి తెచ్చేశాను.

మా మరిది స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేస్తాడు, గాజువాకలో ఉంటాడు, ఆదివారం వస్తే చూపించా. వచ్చీ రాగానే స్క్రూడ్రైవర్ అడుగుతాడనుకున్నా, అడగలేదు. "వదినా, ముందు ఏది బాగా పనిచేస్తందో తేల్చుకుందాం, పాడైంది దానంతట అదే మిగుల్తాది" అన్నాడు. నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఇదే, ఎందుకంటే కీబోర్డు అనేది ఒక వస్తువు కాదు, నాలుగైదు వస్తువులు వరసగా ఉంటాయి: కరెంటు ఇచ్చే అడాప్టరు, కీల కింద స్విచ్‌లు, వాటిని చదివే సర్క్యూటు, సౌండ్ తయారుచేసే చిప్పు, ఆ తర్వాత ఆంప్లిఫయరు, స్పీకర్లు. సౌండ్ రాలేదు అంటే వీటిల్లో ఏది పనిచెయ్యట్లేదో తెలీకుండా విప్పితే ఇంక అంతే.

మొదట డెమో పాట పెట్టాడు. శుభ్రంగా మోగింది. అంటే చిప్పు, ఆంప్లిఫయరు, స్పీకర్లు, కరెంటు అన్నీ బాగానే ఉన్నాయి, గొడవంతా కీల వైపే. ఈ ఒక్క టెస్టుతో సగం అనుమానాలు పోతాయి, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. డెమో కూడా మోగకపోతే హెడ్‌ఫోన్స్ పెట్టి చూడాలట, హెడ్‌ఫోన్స్‌లో వచ్చి స్పీకర్లలో రాకపోతే చాలాసార్లు దోషం హెడ్‌ఫోన్ సాకెట్‌దే, దాని లోపల చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, ప్లగ్ దూర్చగానే స్పీకర్లని కట్ చేస్తుంది, తుప్పు పట్టి అది అలాగే ఉండిపోతే ప్లగ్ తీసేసినా ఇంకా హెడ్‌ఫోన్స్ ఉన్నాయనే అనుకుంటుంది. ప్లగ్‌ని పదిసార్లు పెట్టి తీస్తేనే కొన్నిసార్లు సరైపోతుంది.

తర్వాత సెట్టింగుల పని. లోకల్ కంట్రోల్ అని ఒకటి ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే కీలు నొక్కినా సొంత స్పీకర్లో ఏమీ రాదు, కంప్యూటర్‌కి మాత్రం సిగ్నల్ వెళ్తుంది. ఏదైనా యాప్ ఆఫ్ చేసి వదిలేస్తే మనం కీబోర్డు చచ్చిపోయిందని ఏడుస్తాం. మాకు కొన్ని కీలే కాబట్టి ఇది కాదు. అయినా ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూశాం. ఎలా చెయ్యాలో మాన్యువల్లో ఉంటుంది, ఉదాహరణకి యమహా పోర్టబుల్ కీబోర్డుల్లో అయితే చివరి తెల్ల కీని నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే సెట్టింగులు మొదటికి వస్తాయి, దానితోపాటు చివరి మూడు నల్ల కీలు కూడా కలిపి పట్టుకుంటే మనం ఎక్కించుకున్న పాటలూ స్టైల్సూ కూడా పోతాయి, కాబట్టి చేతులు జాగ్రత్త. రీసెట్ చేసినా మా ఎఫ్ మారలేదు, బీ మారలేదు.

అప్పుడు అసలు పరీక్ష. కీబోర్డు వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉంటుంది కదా, ప్రింటర్‌కి పెట్టే చదరం పిన్ను కేబులే, దాన్ని ఓటీజీ కనెక్టర్‌తో ఫోన్‌కి కలిపి మిడి మానిటర్ యాప్ (కీబోర్డు పంపే సిగ్నళ్ళని చూపించేది) ఒకటి పెట్టాడు. ఏ కీ నొక్కితే ఏ నోట్ వెళ్ళింది, ఎంత బలంతో వెళ్ళింది అని స్క్రీన్ మీద అంకెలు వస్తాయి. మామూలు కీలకి నా వేళ్ళతో 50, 64, 80 అలా పడుతున్నాయి, బీకి మాత్రం ఊదినట్టు ముట్టుకున్నా 127. ఎఫ్‌కి అసలు లైనే రాదు, మూడోసారో నాలుగోసారో వస్తుంది.

ఈ 127 ఏంటో నాకు ఆ రోజే తెలిసింది. ప్రతి కీ కింద రెండు స్విచ్‌లు ఉంటాయి, కీ కిందకి దిగేటప్పుడు ఒకటి ముందు కలుస్తుంది, రెండోది రవ్వంత తర్వాత కలుస్తుంది. గట్టిగా కొడితే రెండిటి మధ్య టైమ్ తక్కువ, మెల్లగా నొక్కితే ఎక్కువ. మనం ఎంత బలంగా కొట్టామో కీబోర్డుకి తెలీదు, ఈ టైమ్ ఒక్కటే తెలుసు, దాన్నే 1 నుంచి 127 లోపు అంకెగా మారుస్తుంది. మొదటి స్విచ్ మీద మురికి పట్టి లేటుగా కలిసిందనుకోండి, రెండిటి మధ్య గ్యాప్ దాదాపు ఉండదు, అమ్మో ఎంత గట్టిగా కొట్టారో అనుకుని 127 పంపేస్తుంది. రెండో స్విచ్ కలవకపోతే నోటే రాదు. అంటే మా ఎఫ్ జబ్బు, బీ జబ్బు రెండూ ఒకటే, పట్టిన చోటు వేరు. (కొంచెం ఖరీదైన డిజిటల్ పియానోల్లో మూడో సెన్సార్ కూడా ఉంటుంది, కీ పూర్తిగా పైకి రాకముందే అదే నోట్ మళ్ళీ కొట్టడానికి.)

ఇంకో సంగతి. పాడైన కీలు చెదురుమదురుగా ఉంటే మురికే అయ్యుండే ఛాన్స్ ఎక్కువ. అలా కాకుండా ఒకే ఎడంలో వరసగా, లేదా ఒక గుంపు మొత్తం పలక్కపోతే అప్పుడు రిబ్బన్ కేబుల్ లూజో, కీలని చదివే సర్క్యూట్లో ఒక లైను పోవడమో అనుకోవాలి. 61 కీలకి 61 జతల వైర్లు వెయ్యరు, అడ్డం నిలువు గడులుగా చదువుతారు, అందుకే ఒక లైను పోతే ఓ వరస మొత్తం పోతుంది. మావి చెదురుగానే ఉన్నాయి. షాపాయన చెప్పిన బోర్డు అక్కడితో కొట్టుకుపోయింది.

విప్పే ముందు రెండు మాటలు చెప్పాలి. వారంటీలో ఉంటే విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. అడాప్టర్‌తో నడిచే కీబోర్డు అయితే ప్లగ్ పీకేస్తే లోపల భయపడేదేం లేదు, కానీ 230 వోల్టుల వైరు నేరుగా లోపలికి వెళ్ళే డిజిటల్ పియానో అయితే పవర్ సప్లై లోపలే ఉంటుంది, తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో ఛార్జ్ నిలబడి ఉండొచ్చు, అది ఇంట్లో చేసే పని కాదు.

మంచం మీద దుప్పటి పరిచి కీబోర్డుని బోర్లా పడుకోబెట్టాం, నాబ్‌ల మీద బరువు పడకుండా రెండు పక్కలా తలగడలు. స్క్రూలు పొడుగువీ పొట్టివీ కలిపి ఉంటాయి, పొట్టి దాని చోట పొడుగుది బిగిస్తే పైన ప్లాస్టిక్‌ని చీల్చుకుని వచ్చేస్తుంది, అందుకని ఒక అట్టముక్క మీద కీబోర్డు బొమ్మ గీసి ఏ చోటి స్క్రూ ఆ చోటే గుచ్చి పెట్టాడు. నా పని ఫోన్‌తో ప్రతి మెట్టుకీ ఫోటో తియ్యడం. స్పీకర్ వైర్లు, పల్చటి రిబ్బన్ కేబుళ్ళు ఉంటాయి, రిబ్బన్‌ని లాగకూడదు, కనెక్టర్‌కి లాక్ ఉంటే అది ముందు తియ్యాలి.

తెరవగానే మొదట కనపడింది చీమలు. చిన్న ఎర్ర చీమలు, వెచ్చగా ఉంటుందని కాబోలు ఓ మూల కాపురం పెట్టేశాయి. తర్వాత దుమ్ము, జుట్టు, ఎప్పటిదో ఓ బిస్కెట్ ముక్క. నాకు ఆశ్చర్యంగా అనిపించింది మాత్రం ఒక జిడ్డు పొర, లేత గోధుమ రంగులో, దేవుడి గది వైపున్న సగంలో ఎక్కువ, రెండో సగంలో తక్కువ. సాంబ్రాణి పొగ, అగరొత్తుల పొగ, దాని మీద తేమ. ఎఫ్ బీ రెండూ ఆ సగంలోవే. "దేవుడి పొగ కూడా తప్పేటి" అని అత్తయ్య గారికి కోపం వచ్చింది, పొగ తప్పు కాదండీ కీబోర్డు అక్కడ పెట్టడమే తప్పు అని సర్దిచెప్పాను.

తెల్ల కీలు విడివిడిగా ఉండవు, ఒకటి విడిచి ఒకటి కలిపి దువ్వెనలాగ అచ్చు పోసి ఉంటాయి, నల్లవి వేరే సెట్. అవి తీస్తే కింద రబ్బర్ స్ట్రిప్ కనపడుతుంది, ఒక్కో కీకి ఒక్కో బుడిపె, బుడిపె లోపల రెండు నల్లటి కార్బన్ బిళ్ళలు, ఎదురుగా సర్క్యూట్ బోర్డు మీద కూడా నల్లటి కార్బన్ గీతలు. బిళ్ళ వచ్చి గీతలకి తగిలితే స్విచ్ కలిసినట్టు. మొత్తం వ్యవహారం ఇంతే. బీ కింద గీతల మీద ఓ సన్నటి జుట్టుముక్క, దాని చుట్టూ జిడ్డు.

శుభ్రం చెయ్యడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి, 99 శాతంది. మొబైల్ రిపేర్ చేసేవాళ్ళు వాడేదే, జగదాంబ జంక్షన్ దగ్గర మొబైల్ షాపు కుర్రాడిని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెప్పాడు. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు, దాంట్లో నీళ్ళు, జెల్ ఉంటాయి. గోళ్ళరంగు తీసేది అస్సలొద్దు, అసిటోన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. తుప్పుకి కొట్టే ఆయిల్ స్ప్రేలు కూడా వద్దు, ఆ నూనె పొర అక్కడే ఉండిపోయి మళ్ళీ దుమ్ము పట్టిస్తుంది. ఇయర్ బడ్ తడిపి బోర్డు మీద గీతలని మెల్లగా తుడిచాం, రబ్బర్ బిళ్ళలని ఇంకా మెల్లగా. సాండ్‌పేపర్ పెట్టి గీకితే బాగా కలుస్తుందని ఎవరైనా చెబితే వినొద్దు, ఆ కార్బన్ పూత పోతే ఇంక తిరిగి రాదు. పూర్తిగా ఆరాక రబ్బర్ స్ట్రిప్ బిగించాలి, దాని కింద చిన్న తోకలు ఉంటాయి, బోర్డు రంధ్రాల్లోంచి ఒక్కోటీ పూర్తిగా వచ్చేదాకా మొద్దుగా ఉన్న పుల్లతో నెట్టాలి, ఒక్క తోక సగంలో ఆగినా ఆ చోట స్ట్రిప్ ఎత్తుగా నిలబడి కొత్త జబ్బు తెచ్చి పెడుతుంది. ఇది ఓపికతో చెయ్యాల్సిన పని, నాకు నడుం పట్టేసింది.

అన్ని స్క్రూలూ బిగించకముందే మళ్ళీ ఫోన్ పెట్టి కీ తర్వాత కీ నొక్కుతూ అంకెలు చూశాం. బీ 58, 61, 70. ఎఫ్ ప్రతిసారీ వస్తోంది. అత్తయ్య గారు వంటింట్లోంచే "ఇప్పుడు బావుంది" అన్నారు, ఆవిడకి అంకెలు అక్కర్లేదు.

కానీ అసలు సరదా ఇక్కడ మొదలైంది. కీలు సరయ్యాక ఆవిడ ఇంకో కంప్లయింటు పెట్టారు, గాంధారం కలవట్లేదని. మళ్ళీ ఏదో పోయిందనుకున్నా. ఏమీ పోలేదు. ఆవిడ శ్రుతి ఐదున్నర, అంటే జీ షార్ప్. నేను సీ నుంచే వాయిస్తాను, వేళ్ళకి అదే అలవాటు, కాబట్టి ట్రాన్స్‌పోజ్ మైనస్ 4 పెడతా, సీ నొక్కితే జీ షార్ప్ పలుకుతుంది. మాస్టర్ ట్యూనింగ్ (కీబోర్డు మొత్తం శ్రుతి) 440 హెర్ట్జ్ దగ్గరే ఉంది, సా కలిసింది, పా కలిసింది, గా దగ్గర మాత్రం ఆవిడ మొహం మారిపోతుంది. ఎందుకంటే కీబోర్డులో ఆక్టేవ్‌ని సమానంగా 12 భాగాలు చేస్తారు, భాగానికి 100 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత), అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది. తంబురా పెట్టుకుని పాడేవాళ్ళ చెవి వెతికేది సా కి 5/4 నిష్పత్తిలో ఉండే గాంధారాన్ని, అది దాదాపు 386. అంటే కీబోర్డు 14 సెంట్లు ఎక్కువ పలుకుతోంది. పంచమంలో అయితే తేడా 2 సెంట్లే, 700కీ 702కీ, అది ఎవరికీ పట్టదు. ఆవిడ చెవి కరెక్టే, కీబోర్డూ కరెక్టే, ఇన్నాళ్ళూ మురికి గోలలో ఈ తేడా వినపడలేదంతే.

మాదాంట్లో స్కేల్ ట్యూన్ అని ఒక మెనూ ఉంది, ఇన్నాళ్ళూ దాన్ని తెరిచిన పాపాన పోలేదు. ఒక్కో స్వరాన్ని విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. గాంధారాన్ని 14 తగ్గించి మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు వాయిస్తే ఆవిడ తల ఊపారు. ట్రాన్స్‌పోజ్ కూడా పెట్టి ఉంటే ఈ మార్పు మనం నొక్కే కీ మీద పడుతోందా, మోగే స్వరం మీద పడుతోందా అనేది మాత్రం చెవితో చూసుకోవాలి. మీ దాంట్లో స్కేల్ ట్యూన్ లేకపోతే తంబురా ధ్వని పెట్టుకుని, కార్డ్‌లు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) మానేసి, పాటకి సా పా మాత్రం పట్టుకోండి, గాంధారాన్ని పాడేవాళ్ళకే వదిలెయ్యండి. నిజం చెప్పాలంటే కీర్తనలకి నాకు ఇదే ఎక్కువ నచ్చింది. గమకం కోసం పిచ్ బెండ్ చక్రం వాడొచ్చు, మామూలుగా అటూ ఇటూ 2 సెమీటోన్లకి (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమీటోన్) సెట్ అయి ఉంటుంది, అదే సరిపోతుంది, పెంచితే చెయ్యి అదుపు తప్పుద్ది.

చెడిపోయిందని భయపెట్టి అసలు చెడిపోనివి ఇంకా కొన్ని ఉన్నాయి. దానంతట అదే ఆఫ్ అయిపోతుంటే అది ఆటో పవర్ ఆఫ్, చాలా మోడళ్ళలో ఏమీ వాయించకపోతే 30 నిమిషాలకి ఆగిపోతుంది, ఆపుకోవచ్చు. సస్టెయిన్ పెడల్ ఉల్టా పనిచేస్తుంటే, అంటే వదిలితే సాగి నొక్కితే ఆగితే, పెడల్ మీద కాలు పెట్టి ఆన్ చేసి ఉంటారు, కాలు తీసి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి. రెండు వాయిస్‌లు (వాయిద్యాల ధ్వనులు) కలిపి పెడల్ తొక్కిపట్టి వాయిస్తే మొదటి నోట్లు తెగిపోతున్నాయంటే అది పాలిఫనీ హద్దు, అంటే ఒకేసారి ఎన్ని నోట్లు పలకగలదో ఆ లెక్క, 32 ఉన్నవాటిలో చాలా తొందరగా వస్తుంది, ఒక వాయిస్ తీసేస్తే చాలు. బ్లూటూత్ స్పీకర్ పెట్టి వాయిస్తే వేలు ముందు, శబ్దం వెనక అవుతుంది, అది కీబోర్డు లోపం కాదు, బ్లూటూత్ ఆడియోలో ఆ ఆలస్యం తప్పదు, వైరు పెట్టండి. ల్యాప్‌టాప్‌కి కలిపితే గుయ్ మని హమ్ వస్తుంటే ఛార్జర్ పీకి చూడండి, హమ్ ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండిటి ఎర్తింగ్ కలిసి వచ్చే గోల.

అడాప్టర్ సంగతి మాత్రం సీరియస్. ఏ పిన్ను పడితే ఆ పిన్ను దూరింది కదా అని పెట్టొద్దు. యమహా చిన్నవాటికి ఎక్కువగా 12 వోల్టులు, మధ్య పిన్ను ప్లస్. కాసియో పాత మోడళ్ళలో 9 వోల్టులు, మధ్య పిన్ను మైనస్ ఉండేవి ఉన్నాయి, కొత్తవాటిలో 9.5 వోల్టులు, మధ్య ప్లస్. కీబోర్డు వెనకాల లేబుల్ మీద గుండ్రం బొమ్మతో ఉంటుంది, అది చూసి అడాప్టర్ మీద బొమ్మతో పోల్చండి. తప్పుది పెడితే అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది.

ఇప్పుడు మా కీబోర్డు దేవుడి గదికి దూరంగా, గోడకి జానెడు ఎడంగా స్టాండ్ మీద ఉంది, మంచం మీద పెట్టి వాయించడం మానేశాం, కింద వైపు స్పీకర్లున్న వాటిని పరుపు మీద పెడితే సౌండ్ మొత్తం పరుపే తాగేస్తుంది. ప్లాస్టిక్ కవర్ తీసేసి నూలు గుడ్డ కప్పుతున్నా, ప్లాస్టిక్ లోపల తేమ నిలబడిపోతుంది. గుడ్డ కింద తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, రంగు మారాక వేడి చేసి మళ్ళీ వాడొచ్చు. తుపాను వస్తుందంటే ప్లగ్ గోడ దగ్గరే పీకేస్తాం, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

టచ్ సెట్టింగ్ కూడా మార్చుకున్నా, మీడియం నుంచి సాఫ్ట్‌కి, తక్కువ బలానికే గట్టిగా పలుకుతుంది, నా వేళ్ళకి అదే హాయి. పియానో సీరియస్‌గా నేర్చుకునే పిల్లలకైతే మీడియంలోనే ఉంచండి, లేకపోతే వేళ్ళకి బలం రాదు.

చివర్లో పై ఆక్టేవ్‌లో ఒక కీ ఇంకా పల్చగానే పలుకుతోంది, దాని కార్బన్ బిళ్ళ అరిగిపోయింది, తుడిస్తే వచ్చేది కాదు. రబ్బర్ స్ట్రిప్ విడిగా దొరుకుతుంది, మోడల్ నంబర్‌తో వెతికి ఆర్డర్ పెట్టా. ఎవరైనా తెప్పించుకుంటే ఒకటి చూసుకోండి, 61 అంటే 12 లెక్కన అయిదు ఆక్టేవ్‌లు పోను ఒక కీ మిగులుతుంది, అందుకని చాలా కీబోర్డుల్లో ఒక స్ట్రిప్ మాత్రం 13 బుడిపెలది ఉంటుంది, పాడైన కీ ఆ స్ట్రిప్‌లో ఉందో 12 బుడిపెల దాంట్లో ఉందో లెక్కపెట్టి మరీ ఆర్డర్ పెట్టండి.